పేరులో అంకె, అంకెలో రాగము

మేళకర్తల నామములలో పూర్వులు దాచిన సంఖ్యలను, కృతులలో వాగ్గేయకారులు నిలిపిన ముద్రలను, స్వరముల చాటున మెలగు రాగాంతరములను నలుగురు కూడి విప్పుకొను రసికగోష్ఠులను గూర్చి

“ధీరుడొకడు ముప్పదియాఱు మెట్లెక్కెను. ఎక్కునప్పుడు తన యేడు సొమ్ములలో ఆఱింటిని ఉన్నవి యున్నట్లే ఉంచుకొని, నడిమి సొమ్మొక్కటి మాత్రము మార్చుకొనెను. పైమెట్టు చేరునప్పటికి అతడు మంగళస్వరూపిణియై నిలిచెను. ఆ ధీరుడెవ్వడు? ఆ మంగళస్వరూపిణి యెవ్వరు?”

సంగీతప్రియులు నలుగురు కూడినచోట ఇట్టి ప్రహేళిక యొకటి వినవచ్చినప్పుడు జరుగు ముచ్చట చూడదగినది. తెలుగు చదివించిన పండితుడు ధీరశబ్దమును పట్టుకొని పురాణపురుషులలో వెదకును, లెక్కలయం దభిరుచి గల బ్యాంకు ఉద్యోగి ముప్పదియాఱు రెట్టించినచో డెబ్బదిరెండగునని గమనించి మేళకర్తల వైపునకు దారి తీయును, వీణ నేర్పు ఉపాధ్యాయిని సొమ్మన్న మాట విన్నంతనే అది ఆభరణమని గ్రహించి, పెదవి కదపక, తంత్రిపై శంకరాభరణపు ఎత్తుగడ నొకదానిని మీటును, అంతవఱకు గోడకు చేరగిలబడి వినుచున్న శిష్యురాలు “అయితే మారింది మధ్యమమే కదా టీచరుగారూ! శుద్ధమధ్యమం పోయి ప్రతిమధ్యమం వస్తే కల్యాణేగా!” అని ముడి విప్పివేయును. ధీరశంకరాభరణము 29వ మేళము. దానికి 36 చేర్చినచో వచ్చునది 65వ మేళమగు మేచకల్యాణి. రెండింటికిని భేదము మధ్యమ మొక్కటియే. కల్యాణి యనగా మంగళస్వరూపిణియే కదా!

ఒక్క ప్రశ్నకు నలుగురు నాలుగు దిక్కుల నుండి వచ్చి ఒక్కచోట కలిసికొనుట ఇందలి మొదటి అందము. కాని దీనిని వట్టి కాలక్షేపముగా నెంచువారు మన సంగీతపు స్వభావమును పూర్తిగా చూడనివారనుట తప్పు కాదు. ఏలయనగా ఈ చిక్కులను మనము వెలుపలి నుండి తెచ్చి సంగీతమునకు తగిలించుటలేదు. లక్షణకారులు రాగనామములయందును, వాగ్గేయకారులు సాహిత్యమునందును వానిని బుద్ధిపూర్వకముగ నిమిడ్చి, తెలిసికొనగలవారు తెలిసికొందురను నమ్మకముతో మనకు విడిచిపోయిరి. వారు మూసినదానిని మనము తెఱచుట వారి విద్యను వారు కోరినట్లు చదువుటయే యగును.

అక్షరములలో గణితము

కటపయాది యను పద్ధతి సంగీతమున కొక్కదానికే చెందినది కాదు. కేరళదేశపు జ్యౌతిషికులు గ్రహగణితమునందలి దీర్ఘసంఖ్యలను కంఠస్థము చేయుటకు వీలుగా మాటలలో పొదుగుటకై దీనిని విరివిగా వాడిరి. దాని మర్మము మిక్కిలి సులభము. కకారము మొదలు ఝకారము వఱకు గల తొమ్మిది హల్లులకు వరుసగా 1 నుండి 9 వఱకును, ఞకారమునకు సున్న. టకారము మొదలు ధకారము వఱకు మరల 1 నుండి 9, నకారమునకు సున్న. పకారము మొదలు మకారము వఱకు 1 నుండి 5. యకారము మొదలు హకారము వఱకు 1 నుండి 8. హల్లు నంటియున్న అచ్చునకు లెక్కలో పని లేదు. పదముయొక్క మొదటి రెండక్షరములకు అంకెలు వేసి, వానిని తలక్రిందుగా చదివినచో మేళసంఖ్య తేలును.

మేచకల్యాణిలో మకారము 5, చకారము 6; తిరుగవేసిన 65. ధీరశంకరాభరణములో ధకారము 9, రకారము 2, తిరుగవేసిన 29. హనుమతోడిలో హకారము 8, నకారము సున్న, కనుక ఎనిమిది. చిన్నపిల్లలు సరళీవరుసలు మొదలుపెట్టు మాయామాళవగౌళలో మకారము 5, యకారము 1, కనుక 15. వరుసలో చిట్టచివరిదైన రసికప్రియలో రకారము 2, సకారము 7, కనుక 72.

అంకె తెలిసినంతనే స్వరములును తెలియుట ఈ యేర్పాటునందలి విశేషము. 17వ శతాబ్దమున తంజావూరునందు, గోవింద దీక్షితుల కుమారుడగు వేంకటమఖి తన ‘చతుర్దండీప్రకాశిక’ యను సంస్కృతగ్రంథమున డెబ్బదిరెండు మేళములు పొసగునని గణితముచే నిరూపించెను. ఋషభగాంధారములు జతగా ఆఱు విధములు, ధైవతనిషాదములు జతగా ఆఱు విధములు, ఆఱాఱులు ముప్పదియాఱు, మధ్యమములు రెండు కనుక డెబ్బదిరెండు. ఆయన కాలమునకు వాడుకలో నున్నవి పందొమ్మిది మేళములే. తక్కినవి రాబోవు గాయకుల కొఱకు తెఱచి యుంచిన గదులు. ఈ మేళములను ఆఱేసి చొప్పున పండ్రెండు చక్రములుగా పంచి, వానికి ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య నామము లిడిరి. చంద్రు డొక్కడు, నేత్రములు రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణము లైదు, ఋతువు లాఱు, ఋషు లేడ్గురు. చక్రము పేరే చక్రసంఖ్య నుగ్గడించును.

ఇక లెక్క యెట్లు సాగునో చూడుడు. 65 నుండి 36 తీసివేసిన 29 మిగులును, కనుక ప్రతిమధ్యమము. 29 అయిదవ చక్రమున అయిదవ స్థానము. అయిదవ చక్రమనగా చతుశ్శ్రుతి ఋషభము, అంతర గాంధారము. అయిదవ స్థానమనగా చతుశ్శ్రుతి ధైవతము, కాకలి నిషాదము. కల్యాణి స్వరూప మంతయు మేచ యను రెండక్షరములనుండి వెలువడినది. పాట యొక్కటియు వినని గణితజ్ఞుడు సైతము కల్యాణి స్వరములను కాగితముపై వ్రాసి యీయగలడు. అయినను అతనికి కల్యాణి తెలిసినదని ఎవరును అనజాలరు. ఆ సంగతి ముందు విచారింతము.

సంయుక్తాక్షరముల సందిగ్ధము

క్రొత్తగా గోష్ఠిలో చేరినవారు ఈ సూత్రమును నేర్చిన ఉత్సాహమున డెబ్బదిరెండు పేళ్లకును లెక్క కట్ట నారంభించి, రెండవ మేళముకడనే తడబడుదురు. రత్నాంగిలో రకారము 2 సరియే. కాని త్నా యను జంటలో తకారమును తీసికొందుమా, నకారమును తీసికొందుమా? తకారము 6; తీసికొన్నచో 62 వచ్చును. నకారము సున్న, తీసికొన్నచో రెండు వచ్చును. రత్నాంగి రెండవ మేళము కనుక జంటలో చివరి హల్లే ప్రమాణమని తేలును. సూర్యకాంతమునందును అంతే, ర్య లో యకారము తీసికొన్న 17. ధర్మవతియందును అంతే, ర్మ లో మకారము తీసికొన్న 59.

సూత్రము స్థిరపడినదని సంతోషించునంతలో చక్రవాక మెదురగును. చివరి హల్లగు రకారమును తీసికొన్న 26 వచ్చును. చక్రవాకము 16వ మేళము. ఇచట కకారమే గణనీయము. దివ్యమణి 48, విశ్వంభరి 54, చిత్రాంబరి 66. ఈ మూడింటియందును జంటలోని మొదటి హల్లే లెక్కకు వచ్చును. సింహేంద్రమధ్యమమున మఱియొక చమత్కారము కలదు. హకారమును తీసికొన్న 87 వచ్చును. అట్టి మేళమే లేదు. సింహశబ్దము నుచ్చరించునప్పుడు అనుస్వారము మకారముగా పలుకును గదా, ఆ మకారమే అయిదయి 57ను చూపును. షణ్ముఖప్రియయందు వాదమునకే తావు లేదు: ణకారము 5, మకారమును 5, ఏ దారిని పోయినను 56.

వ్యాకరణము చదివినవారు, గణితము చదివినవారు, పాడువారు ఒక్కచోట కూర్చుండవలసిన అవసరము ఇచటనే స్పష్టపడును. సూత్రము చెప్పువా డొకడు, అపవాదమును చూపువా డొకడు, అనుస్వారోచ్చారణను నాలుకపై పలికించి చూపువా డింకొకడు. ఏకాంతమున కూర్చుండి యోచించువానికి దొరకని యుక్తి, ఎదుటివాడు తప్పుగా చెప్పిన సమాధానమునుండి పుట్టుట తఱచుగా చూచుచుందుము. గోష్ఠిలో తప్పు జవాబునకు సైతము గౌరవముండవలెను. అది మఱియొకరి ఒప్పు జవాబునకు మెట్టగును.

ఒక అంకెకు రెండు పేళ్లు

తోడి, శంకరాభరణము, కల్యాణి ఈ లెక్కలకంటె పాతవి. వానిని పట్టికలో కూర్చుండబెట్టవలసి వచ్చినప్పుడు పెద్దలు అసలు పేరును మార్చక, సంఖ్యకు సరిపడు రెండక్షరములతో మొదలగు ఉపసర్గనొకదానిని ముందు నిలిపిరి. కనకాంగి రత్నాంగి పద్ధతిలో తోడికి ‘హనుమ’ చేరగా హనుమతోడి యయ్యెను. కనకాంబరి ఫేనద్యుతి యని మొదలగు రెండవ పద్ధతిలో అదే తోడికి ‘జన’ చేరగా జనతోడి యయ్యెను. హకారము 8, జకారమును 8. పేరు వేరు, స్థానమొక్కటే. ఇట్లే హరికాంభోజికి హరికేదారగౌళ జోడు, రెండును 28. మేచకల్యాణికి శాంతకల్యాణి జోడు. శకారము 5, తకారము 6 కనుక అదియును 65. మనవారు పంతువరాళి యని పిలుచుకొను కామవర్ధనికి కాశీరామక్రియ జోడు, రెండును 51.

ఈ రెండవ పద్ధతిని ముత్తుస్వామి దీక్షితుల పరంపర పాటించినది. ఆ పరంపరలోని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి వెలువరించిన ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’ తెలుగున వ్రాయబడి తెలుగులిపిలో అచ్చయిన మహాగ్రంథము. తమిళదేశమున, తమిళులైన విద్వాంసుల యింట పుట్టి పెరిగినవారు తమ వంశవిద్యను తెలుగక్షరములలో లోకమున కర్పించిరన్న సంగతి మన గోష్ఠులలో మాటిమాటికి స్మరింపదగినది. ప్రహేళికలు కట్టువారికిని, విప్పువారికిని ఆ గ్రంథము తరగని గని. ‘ఈ రెండు పేళ్లలో ఏది యెవరి వాడుక? ఒక కృతికి పైన కాశీరామక్రియ యని యున్నచో దాని కర్త యే పరంపరవాడై యుండవచ్చును?’ అని యడుగుటతో పేరు కేవలము పేరుగా నిలువక చరిత్రకు ద్వారమగును.

ముద్రల మాటున

కర్తను గుర్తుపట్టు ప్రశ్నలు గోష్ఠులలో అన్నింటికంటె ఉల్లాసకరములు. త్యాగరాజస్వామి తన పేరునే ముద్రగా నుంచెను. ముత్తుస్వామి దీక్షితులు గురుగుహ యని, శ్యామశాస్త్రి శ్యామకృష్ణ యని, క్షేత్రయ్య మువ్వగోపాల యని, మైసూరు వాసుదేవాచార్యులు వాసుదేవ యని నిలిపిరి. ఇంతవఱకు పిల్లలకును తెలియును. అసలు చిక్కులు దీనికి పైన నున్నవి.

“చరణములో త్యాగరాజ శబ్దమున్నది, కాని కర్త త్యాగరాజు కాదు, ఎవరు?” అని యొకరు అడుగుదురు. సంగీతత్రిమూర్తులు మువ్వురును జన్మించిన తిరువారూరులో వెలసిన స్వామి పేరు త్యాగరాజు. ఆ స్వామిపై దీక్షితులు త్యాగరాజ శబ్దమును ఎనిమిది విభక్తులలో నిలిపి కృతులు రచించెను. కనుక శబ్దమును చూచి తొందరపడక, గురుగుహ ముద్ర యెక్కడనైన నున్నదేమో వెదకవలెను. “వేంకటేశ ముద్ర గల తెలుగుపాట; అన్నమయ్యది కాదు” అని యింకొకరందురు. రాగము కదనకుతూహల మని చెప్పినంతనే దారి తెఱచుకొనును: ఆ రాగమును కల్పించినవారు పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ (1845–1902), వారి ముద్రయు వేంకటేశ శబ్దమే. ముద్ర, భాష, రాగము, కాలము ఈ నాలుగును ఒకదానికొకటి సాక్ష్యమియ్యవలెను. ఏ యొక్కటి ఎదురుతిరిగినను జవాబు నిలువదు. సాహిత్యచరిత్ర పరిశోధకులు ఏ నియమమును పాటింతురో దానినే ఈ వినోదము చిన్న యెత్తున నేర్పుచున్నది.

ముద్ర కర్త పేరుతోనే ముగియదు. దీక్షితులు రాగము పేరును సైతము సాహిత్యములో అర్థమునకు భంగము రానీయక పొదిగెను. ఆయన ‘శ్రీ విశ్వనాథం’ అను రాగమాలికలో పదునాలుగు రాగముల నామములు వరుసగా వచ్చును. మహావైద్యనాథయ్యర్ తన మేళరాగమాలికయందు డెబ్బదిరెండు మేళముల నామములను గానము చేసెను. మన ఆదిభట్ల నారాయణదాసు ‘దశవిధరాగనవతి కుసుమమంజరి’యందు తొంబది రాగములను గుదిగ్రుచ్చెను. ఆయన అవధానియు, హరికథాపితామహుడు నగుటయు, 1919లో విజయనగరమున స్థాపితమైన సంగీతకళాశాలకు తొలి అధ్యక్షుడగుటయు తలచినచో, సమస్యాపూరణమును గానకళను ఒక్క బుద్ధిలో నిలుపుకొనుట తెలుగునేలకు క్రొత్త కాదని స్పష్టము.

వీనికంటె సూక్ష్మమైనది స్వరాక్షరము: సాహిత్యమున ఏ అక్షరము వచ్చునో స్వరమును అదియే యగుట. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు (1735–1817) తోడిరాగమున ఒక వర్ణమును సప్తస్వరాక్షరములు తప్ప వేఱొక అక్షరము వాడక కూర్చెను. ఏడక్షరములతో అర్థవంతమగు తెలుగు పలికించి, ఆ పలుకులే స్వరములుగా తోడి జీవమును నిలుపుట ఎంతటి దుష్కరకార్యమో, స్వయముగా రెండు పాదములు కట్టచూచినవారికే తెలియును. గోష్ఠిలోని వారందఱును ఒక సాయంకాలము అట్టి ప్రయత్నము చేయుట మంచిది. పెద్దల ప్రతిభను కొలుచుటకు మనకున్న నమ్మకమైన కొలబద్ద మన ప్రయాసయే.

చెవికి పెట్టు పరీక్ష

పైని చెప్పినవన్నియు కాగితముపై విప్పదగినవి. కాగితము చాలని ప్రశ్నలు వేఱే కలవు. గోష్ఠి ప్రాణము వానియందే యున్నది.

శ్రుతిపెట్టె మ్రోగుచుండగా వీణ టీచరుగారు మోహనమును మీటుదురు: స, రి, గ, ప, ద. “ఇప్పుడు రిషభాన్ని షడ్జం అనుకుని వినండి” అందురు. స్వరములు అవియే, తంత్రులు అవియే. కాని వినువారి మనస్సు ఆధారమును మార్చుకొన్నంతనే మధ్యమావతి వినబడును. గాంధారమును ఆధారముగా నెంచినచో హిందోళము. పంచమమును ఎంచినచో శుద్ధసావేరి. ధైవతమును ఎంచినచో శుద్ధధన్యాసి. అయిదు స్వరముల ఇంటిలో అయిదు రాగములు కాపురమున్నవి. ఇదియే గ్రహభేదము. సంపూర్ణరాగమగు శంకరాభరణమున ఇది యింకను విస్తారము: ఋషభమున ఖరహరప్రియ, గాంధారమున తోడి, మధ్యమమున కల్యాణి, పంచమమున హరికాంభోజి, ధైవతమున నఠభైరవి పలుకును, నిషాదమును ఆధారము చేసిన మాత్రము పంచమము దొరకక మేళము నిలువదు.

లెక్క తెలిసినవాడు దీనిని స్వరస్థానముల పట్టిక చూచి క్షణములో తేల్చును. కాని కనులు మూసికొని, ఎవ్వరును చెప్పకయే, గాయకుడు ఆలాపన నడుమ ఆధారము మార్చిన నిమిషమును గుర్తుపట్టుట వేఱు విద్య. గోష్ఠిలో ఆ నిమిషమున ముందుగా తలయూచునది గణితము వచ్చినవా డగునని చెప్పరాదు. పెండ్లిపందిళ్లలో నాదస్వరము వినివిని చెవి పండిన ముదుసలి యగును. ఏ గ్రంథమును చదువని అట్టివారికి గోష్ఠిలో పెద్దపీట వేయవలెను.

మేళము తెలిసిన మాత్రమున రాగము తెలిసినట్లు కాదనుట కిదియే కారణము. స్వరస్థానములు అస్థిపంజరము వంటివి. గమకము, జారు, న్యాసస్వరము, విరామము రాగమునకు రక్తమాంసములు. దర్బారు, నాయకి యను రెండు రాగములు ఒక్క మేళమున పుట్టి, స్వరములు పంచుకొని, వినికిడిలో మాత్రము తమ తమ నడక విడువక వేఱుపడియుండును. వీనిని వేఱుచేయుట కటపయాది వల్ల కాదు, పాడి వినిపింపవలసినదే. చిత్రగీతముల ప్రియులును ఈ పరీక్షకు నిలువగలరు. ‘జగదేకవీరుని కథ’ (1961) చిత్రమునకు పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కూర్చగా ఘంటసాల పాడిన పాటను ఎఱుగని తెలుగువారు అరుదు. ఆ పాటతో చెవికి పరిచయమైన గాంధారపు ఊగిసలాటను హిందుస్తానీ విద్వాంసుని విలంబితాలాపమున గుర్తుపట్టిననాడు, ఆ శ్రోతకు ఒక సంప్రదాయపు తలుపు తెఱచుకొన్నట్లే.

పశ్చిమమునందును ఇదే కుతూహలము

మాటను స్వరముగను, పేరును సంఖ్యగను మార్చు ఈ కోరిక మనకే పరిమితము కాదని తెలిసికొనుట సంతోషకరము. జోస్కాఁ ద ప్రే యను వాగ్గేయకారుడు ఇటలీలోని ఫెరారా ప్రభువగు ఎర్కోలే గౌరవార్థము ఒక మాస్ కూర్చుచు, ప్రభువు బిరుదనామమందలి అచ్చులను ఏరి, ఆ అచ్చులు గల స్వరనామములను వరుసగా నిలిపి, దానినే రచనకంతకు ఆధారస్వరపంక్తి గావించెను. మన స్వరాక్షరమునకు ఇది సోదరి. జర్మనుల స్వరలిపిలో బి, ఏ, సి, హెచ్ అను నాలుగక్షరములును స్వరనామములే. కనుక యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తన యింటిపేరునే స్వరములుగా ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లోని అసంపూర్ణమగు ఫ్యూగునందు పలికించెను. అక్షరమాలలో ఆ నాలుగింటి స్థానములు 2, 1, 3, 8, కూడిన 14.

ఆ బాఖ్ 1747లో మిట్స్‌లర్ అనునతడు 1738లో నెలకొల్పిన సంగీతశాస్త్రసంఘమున సభ్యుడయ్యెను. ఆ సంఘము దూరదూరపు సభ్యుల నడుమ పత్రములు నడపుచు శాస్త్రచర్చ సాగించినది. హౌస్మన్ అను చిత్రకారుడు 1746లో లిఖించిన చిత్తరువున బాఖ్ చేతిలో నున్న కాగితముపై గలది ఒక ప్రహేళికా కానన్. వ్రాసినవి మూడు పంక్తులే, చదువనేర్చినవానికి ఆఱు గళములు. ఇంగ్లండున ఎల్గర్ 1899లో వినిపించిన ‘ఎనిగ్మా వేరియేషన్స్’ లోని పదునాలుగు ఖండములకు మిత్రుల నామసంకేతములను శీర్షికలుగా నిడి, రచనకంతకు వెనుక మఱియొక రాగపంక్తి వినబడక నడుచుచున్నదని ప్రకటించి, అది యేదో చెప్పకయే 1934లో మరణించెను. నేటికిని సంగీతజ్ఞులు తమ తమ సమాధానములను ప్రతిపాదించుచునే యున్నారు. విప్పగలిగిన ప్రహేళిక బుద్ధికి తృప్తి నిచ్చును. విప్పరానిది వినికిడిని నిరంతరము మేలుకొలుపును.

మన యింటి విడని ముడి

అట్టి విడని ముడి మనకును కలదు. అది ఎల్గర్ రహస్యముకంటె ఘనమైనది. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు వేలకొలది తిరుమలలో రాగిరేకులపై నిలిచి, గత శతాబ్దమున మరల వెలుగు చూచినవి. ప్రతి సంకీర్తనమునకును పైన రాగనామము చెక్కియున్నది. స్వరలిపి మాత్రము లేదు. కొండమలహరి, ఆబాలి వంటి రాగనామములు నేటి గాయకులకు అలవాటు లేనివి. నేటికిని పేరు నిలిచిన రాగములు సైతము అయిదువందల యేండ్లలో రూపము మార్చుకొనలేదని ఎవరు చెప్పగలరు? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మొదలగు విద్వాంసులు ఆ సాహిత్యమునకు తమ తపస్సుచే స్వరరూపమిచ్చి మనకు పాడుకొన నిచ్చిరి. వారు చేసినది పోయిన దానిని త్రవ్వి తీయుట కాదు, పోయినచోట మరల మొలిపించుట.

ఈ సంగతి మన గోష్ఠులలో ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల హాస్యము తగ్గి గాంభీర్యము చేరును. అన్నమయ్య నాటి సామంతము, ముఖారి ఎట్లుండెడివి? ఒక పదము నడక, యతిస్థానము, పల్లవి పొడవు, ఆ కాలపు లక్షణగ్రంథములలోని స్వరవర్ణన, ఇవి యన్నియు కలిసి ఏ కొంచెమైన సూచింపగలవా? ఒక్కనిచేత కాని పని ఇది. తాళపత్రములు చదువువారు, ఛందస్సు నెఱిగినవారు, పాడువారు, వినువారు ఏండ్ల తరబడి కలిసి కూర్చుండవలెను. 1928లో నెలకొన్న మద్రాసు మ్యూజిక్ అకాడమీ విద్వత్సదస్సులలో రాగలక్షణములపై పెద్దలు సాగించిన వాదోపవాదములు ఇట్టి సమష్టికృషికి నిదర్శనములు. మన పట్టణములలోని చిన్న గోష్ఠులు అంతటి పని చేయలేకపోవచ్చును. కాని అంతటి పని చేయగలవారు ఇట్టి చిన్న గోష్ఠులనుండియే పైకి రావలెను.

గోష్ఠి నడుపు తీరు

ఇట్టి కూటమికి కావలసిన సామగ్రి స్వల్పము: ఒక శ్రుతిపెట్టె, పాడగలవా రొకరు, వాయించువా రొకరు, నేర్వగోరు పిల్లలు ఇద్దఱు, ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’, బాలాంత్రపు రజనీకాంతరావుగారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. ఒక్క నియమము మాత్రము తప్పక పాటింపవలెను: జవాబు చెప్పినవారు, లేదా వారి తరఫున మఱియొకరు, ఆ రాగమునందు ఏదైన నొకటి పాడి లేక వాయించి చూపినగాని జవాబు చెల్లదు. ఈ నియమము లేనిచోట గోష్ఠి క్రమముగా జ్ఞాపకశక్తి పందెముగా దిగజారును. తెలిసినవారు తెలియనివారిని తక్కువ చేయుదురు. పిల్లలు రెండవ వారము నుండి రారు. ఈ నియమ మున్నచోట ప్రతి ప్రశ్నయు ఒక పాటతో ముగియును. ఎవరు గెలిచినను అందఱకును విందే.

ప్రశ్న కట్టుటయందును మర్యాద యున్నది. ఎవరికిని అందని జన్యరాగమును పేర్కొని ఎదుటివానిని చిక్కుపఱచుట సులభము. అందఱు ఎఱిగిన రాగములో ఎవరును గమనింపని సంగతి నొకదానిని చూపుటయే నేర్పు. సర్వులెఱిగిన మోహనములో నాలుగు ఇతర రాగము లున్నవని తెలిసినప్పటి ఆశ్చర్యము, పేరు వినని రాగము పేరు విన్నప్పుడు కలుగదు. చిన్న ప్రాయమునందే సంగీతలోకమును ఆశ్చర్యపఱచి, డెబ్బదిరెండు మేళములలోను కృతులు రచించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016), స, రి, మ, ద అను నాలుగు స్వరములతోనే లవంగి యను రాగమును నిలిపెను. అంత తక్కువలో అంత నిండుదనమును చూపుట సృష్టికర్తకును, ప్రశ్నకర్తకును ఒక్కటే ఆదర్శము.

పాఠకులు ఈ ఆదివారమే ఆరంభించుటకై రెండు ప్రశ్నలు. “ఋషిచక్రమున తొలి యాసనముపై కూర్చున్నదెవరు? ఆమె పేరులోని రెండక్షరములు ఆ యాసనసంఖ్యను చెప్పుచున్నవా?” ఇది మొదటిది. “నా మధ్యమము మార్చినచో కామవర్ధనియగుదును, పసివారందఱును మొదట నన్నే పలుకుదురు, నా పేరులో మాయ యున్నది. నేనెవరు?” ఇది రెండవది. రెండింటికిని కావలసిన లెక్క యంతయు ఈ వ్యాసముననే కలదు. ఇంటిలోని పిల్లలను, సంగీతము నేర్చిన ప్రక్కింటివారిని, రేడియోలో భక్తిరంజని విడువక వినిన పెద్దలను పిలిచి కూర్చుండబెట్టుకొని విప్పుడు. జవాబు దొరికిన వెంటనే ఆ రాగమును పాడుడు. పాడలేనివారు పాడగలవారిచేత పాడించి వినుడు. రాగము వినబడినగాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదు.